రెండు కార్డులు, ఒక తలుపు

నేను ఇరుక్కుపోయిన గది పొడవు ఏడడుగులు, వెడల్పు నాలుగున్నర. అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, చేసేందుకు వేరే పని లేక పాదం ముందు పాదం పెట్టుకుంటూ కొలిచాను. రెండు చివర్లా రెండు ఉక్కు తలుపులు. ఒక్కోదానికి మనిషి మొహం పట్టేంత అద్దం. పరవాడలో ఒక మందుల ఫ్యాక్టరీలో, ముడి సరుకు తూచే గదికీ బయటి నడవాకీ మధ్య ఉండే గది అది. ఎయిర్‌లాక్ అంటారు. బయటి దుమ్ము లోపలికి పోకూడదని, ఒక తలుపు తెరిచి ఉన్నంతసేపూ రెండోది తెరుచుకోదు. ఆ గురువారం మధ్యాహ్నం రెండూ కలిసి తెరుచుకోవడం మానేశాయి. మానిపించిన ఘనుణ్ణి నేనే.

నాతోపాటు కుమారి ఉంది. ఆ తూకం గదిలో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న మనిషి. ఇంకో గంటలో, సరిగ్గా మూడింటికి, ఆవిడ ఉద్యోగం ఉంచాలా తీసెయ్యాలా అని పై అంతస్తులో కమిటీ కూర్చోబోతోంది. ఆవిడని అక్కడిదాకా తెచ్చిన కాగితం కూడా నేను రాసిందే. ఒక మనిషికి ఒక్క వారంలో ఇన్ని ఘనకార్యాలు చాలు.

నా పేరు నానాజీ. మాది కె. కోటపాడు పక్కన ఊరు. ఇంట్లోవాళ్ళు చెరకు వేస్తారు, నేను కెర్నెల్ రాస్తాను. అనకాపల్లిలో బెల్లం మార్కెట్ వెనక వీధిలో మేడ మీద గదే నా ఆఫీసు. కంపెనీ హైదరాబాదులో ఉంది, ఫోన్లో తప్ప తోటి మనిషి మొహం చూడను. కింద బెల్లం లారీలు వెనక్కి తీసే చప్పుడు, పైన ఫ్యాను, మధ్యలో నేను. "మావోడు కంప్యూటర్లు బాగుసేత్తాడు" అని మా అమ్మ ఊళ్ళో చెప్పుకుంటుంది. సరిదిద్దబోయి సరిదిద్దబోయి మానేశాను.

కెర్నెల్ అంటే యంత్రంలో మిగతా ప్రోగ్రాములన్నిటికీ అడుగున కూర్చునే ప్రోగ్రాము. ఫైలు తెరవాలన్నా, అందులో ఒక ముక్క రాయాలన్నా అన్నీ దాన్నే అడగాలి. మా కంపెనీ ఫ్యాక్టరీలకి ప్యానెళ్ళు తయారుచేస్తుంది. గోడకి తగిలించే పుస్తకమంత డబ్బా అది. తూకం మీద అంకెని అదే తీసుకుంటుంది, తలుపులూ అదే తీస్తుంది. దాని కెర్నెల్లో ఫైళ్ళ వ్యవహారమంతా నాది. బయటి తలుపుకి ఇవతల ఒక కార్డు రీడరు, అవతల ఒకటి ఉంటాయి. సరుకు తూచిన మనిషి ఎయిర్‌లాక్‌లోకి వచ్చి, బయటికి పోవడానికి కార్డు పెడుతుంది. అదే ఆవిడ సంతకం. ఆఖరి తూకం ఆవిడ పేరుతో ఫైల్లో పడుతుంది, తలుపు తెరుచుకుంటుంది. కార్డు పెట్టడాన్ని అక్కడ అందరూ పంచ్ కొట్టడం అంటారు.

మూడేళ్ళ కిందట ప్యానెల్ మరీ నెమ్మదిగా ఉందని ఫిర్యాదులొస్తే నేనొక తెలివైన పని చేశాను. ఒకరు రాస్తుండగా ఇంకొకరు వచ్చి అదే చోట రాయకుండా, కెర్నెల్ ఫైలుకి తాళం వేసి రాసి, తర్వాత తీస్తుంది. ఫైలు పట్టుకున్నది ఒక్కరే అయితే తాళం దేనికి? ఎంతమంది పట్టుకున్నారో ముందు చూసుకుని, ఒక్కరే ఉంటే తాళం మానేసేలా మార్చాను. ఇంట్లో ఒక్కడే ఉన్నవాడు స్నానాల గది గడియ పెట్టుకోడు కదా, అలాగ. పంచ్‌కి అరక్షణం కలిసొచ్చింది. పైవాళ్ళు మెచ్చుకుంటూ ఈమెయిల్ పంపారు. ఇంట్లో ఎవరూ లేరని చూసుకుని నీళ్ళు పోసుకుంటుండగా చుట్టాలు దిగొచ్చన్న ఆలోచన నాకు రాలేదు.

సోమవారం కుమారి మధ్యాహ్నం షిఫ్టు దిగేముందు ఒక సంచీ తూచింది. ఫైల్లో ఆ తూకం లేదు. మందుల ఫ్యాక్టరీలో రాయని పని చెయ్యని పని కిందే లెక్క. సంచీలో సరుకు అప్పటికే రియాక్టర్లో పడిపోయింది కాబట్టి మళ్ళీ తూచే వీల్లేదు. కెమెరాలో ఆవిడ తూకం ముందు నిలబడటం కనిపిస్తుంది గానీ అంకె కనిపించదు. "పన్నెండు కిలోల నాలుగు వందల అరవై గ్రాములు" అని ఆవిడ సంజాయిషీలో రాసిచ్చింది. పన్నెండున్నర కిలోల సంచీకి అలాంటి అంకె ఎవరైనా ఊహించి రాయొచ్చన్నారు క్వాలిటీ మేనేజరు జగదీశ్వరరావు గారు. బ్యాచి మొత్తం ఆపేశారు. మంగళవారం నాకు ఫోన్ చేసి, ప్యానెల్ తప్పేమైనా ఉందేమో చూసి రాతపూర్వకంగా చెప్పమన్నారు.

నా గదిలో నమూనా ప్యానెల్ ఒకటుంది. దాని ముందు కూర్చుని వెయ్యి పంచ్‌లు కొట్టాను. వెయ్యి ఎంట్రీలూ పడ్డాయి. "సిస్టమ్‌లో లోపం లేదు. యూజర్ ఎర్రర్" అని రాసి, సంతకం పెట్టి పంపేసి, చేతులు దులుపుకుని టీకి వెళ్ళాను.

బుధవారం సాయంత్రం కుమారి మా మేడ మెట్లెక్కి వచ్చింది. సర్వీసు కోసం ప్యానెల్ మీద అంటించిన చీటీలో నా పేరు, నంబరు ఉంటాయి. అది పట్టుకుని అడ్రసు కనుక్కుందట. ముప్పై అయిదేళ్ళుంటాయి, గవరపాలెంలో ఇల్లు. ఏడుస్తుందో తిడుతుందో అని నేను బిగుసుకుపోయాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఒక్క మాట అడిగింది.

"టెస్టు సేసేరు కదండీ. ఎంతమంది కలిసి సేసేరు?"

"నేనొక్కణ్ణే."

"ఒక్కరేటండీ? అక్కడ ఒక్కరు పంచ్ కొట్టడం అన్నది ఎప్పుడూ ఉండదు కదా."

కుర్చీ చూపించాను. కూర్చోలేదు. "ఇది మీ కడుపులో పెట్టుకోవాలి" అని ఒకటికి రెండుసార్లు ఒట్టు వేయించుకుని అప్పుడు చెప్పింది.

రూలు ప్రకారం, దిగే మనిషి పంచ్ కొట్టి బయటికి రావాలి. తలుపు మూసుకున్నాక గాలి సర్దుకోవడానికి నలభై సెకన్లు ఆగాలి. అప్పుడు ఎక్కే మనిషి పంచ్ కొట్టి లోపలికి పోవాలి. షిఫ్టుకి ఆరుగురు ఆడవాళ్ళు. అనకాపల్లి వెళ్ళే కంపెనీ బస్సు రెండు ఇరవైకి గేటు దాటుతుంది, ఎవరి కోసమూ ఆగదు. తర్వాతది అయిదింటికి. పిల్లలు బడి నుంచి వచ్చేది మూడున్నరకి.

"అందుకని అద్దంలోంచి వేళ్ళు సూపించుకుంటామండి. ఒకటి, రెండు, మూడు. మూడుకి ఇవతల నేను, అవతల షిఫ్టెక్కే ధనశ్రీ, ఇద్దరం ఒకేపాలి కొడతాం. తలుపు ఒక్కసారే తెరుసుకుంటాది. నేను బయటికి, అది లోపలికి. రెండేళ్ళయి అలాగే సేత్తన్నాం."

"మరి విచారణలో ఈ మాట చెప్పలేదేం?"

"సెప్తే ఆరుగురివీ పోతాయండి. ఇప్పుడైతే నాదొక్కటే కదా."

ఆవిడ కూర్చోని కుర్చీలో నేను కూలబడ్డాను. ఆవిడ ఉద్యోగం తలుచుకుని కాదు, నిజం చెప్పాలంటే. మూడేళ్ళ కిందట నేను రాసిన ఆ నాలుగు లైన్లు కళ్ళముందు కనిపించాయి. ఒకే క్షణంలో రెండు పంచ్‌లు. ఇటు పంచ్ లెక్క చూసుకుంది, ఒక్కరే. అటు పంచ్ లెక్క చూసుకుంది, ఒక్కరే. ఇద్దరికీ తాళం అక్కర్లేకపోయింది, ఇద్దరూ ఫైల్లో ఒకే చోట రాశారు. కుమారి తూకం మీద ధనశ్రీ హాజరు పడింది. ఈ జాతి తప్పు రోజూ జరగదు, వెంట్రుకవాసి తేడాలో తప్పిపోతూ ఉంటుంది. రెండేళ్ళు తప్పిపోయి సోమవారం నాడు దొరికింది. ఇద్దరు కలిసి చేస్తే తప్ప జరగనిదాన్ని నేను ఒంటరిగా కూర్చుని వెయ్యిసార్లు వెతికాను.

ఇదంతా ఆవిడతో చెప్పానా? లేదు. నీళ్ళు నమిలాను. "చూస్తానండి" అన్నాను. "సూడండి బాబూ" అని ఆవిడ మెట్లు దిగిపోయింది.

నా పథకం ఇలా ఉంది. గురువారం పొద్దున్నే నా తెలివైన నాలుగు లైన్లు పీకేసి, ఎంతమంది ఉన్నా సరే తాళం పడేలా మార్చెయ్యడం. ఫ్యాక్టరీకి వెళ్ళి "ముందుజాగ్రత్త అప్‌డేట్" అని చెప్పి ఎక్కించెయ్యడం. కమిటీ దగ్గర "ఆవిడకి బెనిఫిట్ ఆఫ్ డౌట్ ఇవ్వొచ్చు" అని గొణగడం. ఆవిడ హెచ్చరిక లేఖతో బయటపడుతుంది, నా రిపోర్టు నా రిపోర్టులాగే ఉంటుంది. అది పిరికి పథకమని నాకు అప్పుడే తెలుసు. తెలిసే కార్డు రీడరు ముందు కూర్చుని వంద పంచ్‌లు కొట్టి, వందా పడ్డాయని లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని బయల్దేరాను. ఒంటరిగానే కొట్టానని వేరే చెప్పాలా?

ఫ్యాక్టరీలో ప్యానెల్ కరెంటు ఆపాలంటే మూడు సంతకాలు కావాలి. అందులో ఒకాయన సెలవు. అందుకని ప్యానెల్ ఆపకుండానే, నడవాలో సర్వీసు పోర్టుకి లాప్‌టాప్ తగిలించి, కొత్త ముక్కని నడుస్తున్న కెర్నెల్లోకే ఎక్కించాను. జగదీశ్వరరావు గారు పక్కనే నిలబడి చూశారు. భీమవరం వైపు మనిషి, మాట మెత్తన, పట్టు ఉడుం పట్టు.

"పరీక్ష చేసి చూపించండి. చూపించకుండా నేను సంతకం పెట్టను" అన్నారు. తలుపుకి రెండు వైపుల నుంచీ ఒకేసారి పంచ్ కొట్టించి చూపిస్తానన్నాను.

అందుకు, కమిటీ కోసం సెక్యూరిటీ గదిలో కూర్చున్న కుమారిని పిలిపించారు. తెల్ల గౌనూ టోపీ వేసుకుని లోపలికి వెళ్ళి, అయిదు కిలోల పరీక్ష గుండు తూచి, ఎయిర్‌లాక్‌లోకి వచ్చింది. ప్యానెల్ తెర ఎయిర్‌లాక్ గోడ మీద ఉంటుంది కాబట్టి అది చూడటానికి నేను కూడా గౌనేసుకుని అక్కడే నిలబడ్డాను. ఫోన్లూ పెన్నులూ లోపలికి రానివ్వరు. అద్దం అవతల ధనశ్రీ కార్డు పట్టుకుని ఉంది. కుమారి వేళ్ళు చూపించింది. ఒకటి, రెండు, మూడు.

రీడర్ల మీద రెండు పసుపు లైట్లు వెలిగాయి. పసుపంటే ఆగమని. ఒక సెకనులో ఆకుపచ్చగా మారాలి. పది సెకన్లయింది, ముప్పై అయింది. మారలేదు.

నాకు ఎనిమిదో సెకన్లోనే అర్థమైంది. ఇప్పుడు రెండు తాళాలు. ఫైలుది ఒకటి, తలుపుది ఒకటి. బయటికి పోయే పంచ్ ముందు ఫైలు తాళం తీసుకుని తర్వాత తలుపు తాళం అడుగుతుంది. లోపలికొచ్చే పంచ్ ముందు తలుపు తాళం తీసుకుని తర్వాత ఫైలు తాళం అడుగుతుంది. ఒకరి చేతిలో పెన్ను, ఇంకొకరి చేతిలో కాగితం, ముందు నువ్వివ్వంటే ముందు నువ్వివ్వు. ఇద్దరూ మొండివాళ్ళే. ప్రళయం దాకా అలాగే నిలబడతారు. తలుపు తాళం వదిలేదాకా లోపలి తలుపూ తెరుచుకోదు. ఒక తప్పు దిద్దబోయి దాని అక్కని తెచ్చి కూర్చోబెట్టాను. రెండు కార్డులతో ఒక్కసారి చూసుకుని ఉంటే, మేడ మీద గదిలోనే బయటపడేది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నాకు మూసిన గదులు పడవు. లిఫ్టెక్కను. బస్సులో కిటికీ సీటు దొరక్కపోతే తర్వాతి బస్సు కోసం చూస్తాను. నిమిషం గడిచేసరికి గౌను లోపల చొక్కా తడిసిపోయింది. గాలి పైనుంచి చల్లగా కొడుతూనే ఉంది, అయినా నాకు అందడం లేదు. భయమేసింది. చిన్నపిల్లాడికి వేసినట్టు వేసింది.

తలుపు పక్కన, నా మోచేతి ఎత్తులో, ఆకుపచ్చ ఎమర్జెన్సీ బటన్ ఉంది. నొక్కితే తలుపుల అయస్కాంతాలకీ ప్యానెల్‌కీ కలిపి కరెంటు పోతుంది. తలుపులు తెరుచుకుంటాయి. చెయ్యి పెట్టాను.

"నొక్కితే ఏటవుతాదండీ?" కుమారి అడిగింది. ఆవిడ గోడకానుకుని నింపాదిగా నిలబడి ఉంది.

"ప్యానెల్ ఆగి మళ్ళీ మొదట్నుంచి మొదలవుతుంది. మనం బయటపడతాం."

"మా తూకం మిషను ఆపేత్తే అందులో ఉన్న అంకె పోద్ది. దీనికీ అంతేనేటి? సోమవారం నించీ లోపలేటైనా ఉంటే?"

నా చెయ్యి బటన్ మీదే ఆగిపోయింది.

ఉంది. నాకోసం నేనే పెట్టుకున్న మూల ఒకటుంది. ఫైల్లో రాయబోయే ప్రతి ముక్కకీ, ఎవరు, ఎప్పుడు, ఏ చోట రాస్తున్నారో ఒక ప్రతిని కెర్నెల్ తన జ్ఞాపకంలో ఉంచుకుంటుంది. చిప్ మీద చోటు లేక దాన్ని ఎక్కడా భద్రపరచలేదు, ఆఖరి రెండు వేల ఎంట్రీలు ఉంటాయి, కరెంటు పోతే పోతాయి. సోమవారం నుంచి మూడు సంతకాలు దొరక్క ఆ ప్యానెల్‌ని ఎవరూ ఆపలేదు. రోజుకి ఆరేడు వందల పంచ్‌లు. మూడు రోజులకి రెండు వేల దాకా అయి ఉంటాయి. ఉంటే ఆ అంచున ఉంది.

మంగళవారమే దాన్ని చూసి ఉండొచ్చు. ఇరవై అయిదు కిలోమీటర్లు రావడానికి బద్ధకించాను.

ఇప్పుడు నా పరిస్థితి చూడండి. నొక్కితే నాకు గాలి అందుతుంది. సోమవారం చెరిగిపోతుంది, నా తప్పుకి సాక్ష్యమే ఉండదు. నొక్కకపోతే ఈ డబ్బాలో కూర్చుని, నన్ను నేనే పట్టి ఇచ్చుకోవాలి. చేతికి అందే దూరంలో దారి ఉన్న మనిషిని ఇరుక్కుపోయాడంటారా? నేను ఇంకెప్పుడూ అంతగా ఇరుక్కోలేదు.

"బాబూ, సెమటలు పడతన్నాయి మీకు" అంది కుమారి. "నొక్కీండి, పోన్లెండి. ఏదో అడిగేను గానీ నాకేటి తెలుసు. మూడు రోజుల్నించీ నేనే మర్సిపోయేనేమో అనిపిత్తంది. తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ మర్సిపోలేదు. అయినా పెద్ద పెద్దోళ్ళు టెస్టు సేసి సెప్పేరు కదా. ఇంట్లో గేసు కట్టేసేనా లేదా అని ఇప్పుడు నాలుగేసి సార్లు సూసుకుంతన్నాను."

ఆ పెద్ద పెద్దోళ్ళు ఎవరో ఆవిడకి తెలుసు. నన్ను నొప్పించకూడదని బహువచనంలో అంది. నాకు తల తీసేసినట్టయింది. బటన్ మీంచి చెయ్యి తీసి గోడకున్న ఇంటర్‌కమ్ నొక్కాను.

"సార్, కరెంటు ఆపకండి. ఎవరినీ ఏ బటనూ నొక్కనివ్వకండి."

అద్దం అవతల జగదీశ్వరరావు గారి పక్కన సెక్యూరిటీ సత్తియ్య వచ్చి నిలబడ్డాడు. బయటి ఎమర్జెన్సీ బటన్ మీద అప్పటికే అరచెయ్యి ఉంది. "పదేను నిముషాలు దాటితే నొక్కీయాల సార్, రూలు" అని వాచీ చూపించాడు. "అయిదు అయిపోయేయి."

"నడవాలో నా లాప్‌టాప్ ఉంది. మీరే టైపు చెయ్యాలి సార్, నేను చెప్తాను."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఇది పాస్‌వర్డ్ అడుగుతోంది."

నేను కుమారి వైపు చూశాను. వేరే దారి లేదు. "నేనే కరెక్ట్ సార్."

"ఏమిటి మీరు కరెక్ట్?"

"అదే పాస్‌వర్డు. నేనేకరెక్ట్, ఇంగ్లీషు అక్షరాల్లో, కలిపి. చివర ఒకటి."

ఇంటర్‌కమ్‌లో రెండు వేళ్ళతో కొడుతున్న చప్పుడు వినపడింది.

ఒక్కో అక్షరం చెప్పాను. ఆయన ఒక్కో అక్షరం తిరిగి చెప్పి కొట్టారు. రికార్డు ఫైలు జోలికి మాత్రం వెళ్ళొద్దన్నాను, దాన్ని తాకితే ఆ తెర కూడా మాతోపాటు ఇరుక్కుంటుంది. ఒకచోట చుక్క బదులు కామా పడింది. మళ్ళీ మొదట్నుంచి. నేను కింద కూర్చున్నాను. కుమారి కూడా పక్కన కూర్చుంది. "ఊపిరి పది లెక్కెట్టి వదలండి. కొత్తపిల్లలికి ఇలాగే అవుద్ది, మొదట్లో నాకూ అయ్యింది" అని తనే లెక్కపెట్టింది. ఆవిడ జీవితాన్ని కాగితమ్ముక్కతో తలకిందులు చేసినవాడికి ఆవిడ ఊపిరి పీల్చడం నేర్పుతోంది.

"సత్తియ్యా, ఎంతయింది?" అని అరిచాను.

"తొమ్మిది సార్!"

"వచ్చింది" అన్నారు జగదీశ్వరరావు గారు. "చాలా లైన్లు వస్తున్నాయి."

"ముందు అదంతా లాప్‌టాప్‌లో ఒక ఫైల్లోకి సేవ్ చెయ్యండి." అదీ చెప్పాను. అయింది. "ఇప్పుడు మొట్టమొదటి లైన్ల తారీకు చూడండి."

"సోమవారం..." ఆయన ఆగారు. నేను నేల మీద అరచేతులు ఆనించాను. "సోమవారం, ఒంటిగంటా యాభై."

అంటే ఇంకో పావుగంట ఎంట్రీలు చెరిగితే కుమారి షిఫ్టు దిగిన పంచ్ కూడా పోయేది. ఆ కాస్త కూడా ఈ తలుపు మొరాయించి కొత్త పంచ్‌లు పడకుండా ఆపింది కాబట్టి మిగిలింది.

"లైన్లలో ఇంకా కిందికి రండి. రెండు దాటాక."

ఆయన వచ్చారు. ఆ వేలు కీ మీద టక్ టక్ అనడం వినపడుతూనే ఉంది. తర్వాత ఆగిపోయింది. ఎప్పుడూ మెత్తగా, ధీమాగా ఉండే ఆ గొంతు ఇప్పుడు వేరేగా ఉంది.

"కుమారి. రెండు గంటల ఏడు నిమిషాలు. పన్నెండు పాయింటు నాలుగు ఆరు సున్నా."

కుమారి నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది, గోళ్ళు దిగాయి.

"దాని కింద లైను చదవండి" అన్నాను.

"ధనశ్రీ. రెండు గంటల ఏడు నిమిషాలు. లోపలికి."

"రెండు లైన్లకీ చివర ఫైల్లో ఏ చోట రాశారో నంబరు ఉంటుంది. ఒకటేనా?"

"ఒకటే." ఆయన ఇంకోసారి చూసినట్టున్నారు. "రెండూ ఒకటే నంబరు."

"ఆవిడ తూచింది సార్. నా కెర్నెల్ దాని మీద ఇంకోటి రాసేసింది. నా రిపోర్టు తప్పు. నేను ఒక్కణ్ణే కూర్చుని పరీక్ష చేశాను. ఇవాళ పొద్దున్న కూడా ఒక్కణ్ణే చేశాను, అందుకే ఇక్కడున్నాను. నిన్న సాయంత్రమే నాకు తెలుసు. తెలిసీ మీకు అప్‌డేట్ అని చెప్పాను." గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలుసు.

"నిన్ననే?" అంది కుమారి. చెయ్యి వదిలేసింది.

"అవునండి."

నాకు కాస్త ఎడంగా జరిగి కూర్చుంది. ఆవిడ ఏదైనా అని ఉంటే బాగుండేది.

"సోమవారం రెండు పంచ్‌లు ఒకే సెకన్లో ఎలా పడ్డాయి?" ఇంటర్‌కమ్‌లో జగదీశ్వరరావు గారు అడిగారు. అద్దంలోంచి ధనశ్రీ మొహం కనిపించింది, పాలిపోయి ఉంది. ఇందాక ఆ వేళ్ళు చూపించుకోవడం ఆయనా చూశారు. అది వాళ్ళకి కొత్త విద్య కాదని ఆయనకి తెలిసే ఉంటుంది.

"తలుపుకి రెండు వైపులా రీడర్లు పెట్టాక ఎప్పుడో ఒకప్పుడు పడతాయి సార్. పడితే ఓర్చుకోవాల్సింది ప్యానెల్. అది నా పని. నా రిపోర్టులో అదే రాస్తాను, ఇంకేమీ రాయను."

స్టూలు జరిగిన చప్పుడైంది. లాప్‌టాప్ తెరకి ఫోన్‌తో ఫొటోలు తీసుకుంటున్నారు, ఒకటి, రెండు, మూడు.

"పద్నాలుగు!" సత్తియ్య అరిచాడు. "నొక్కేత్తన్నాను సార్!"

నేను లేచి నిలబడ్డాను. కాళ్ళు తలుపు వైపు వాటంతట అవే నడిచాయి. ఆ తలుపు కోసం ఆ క్షణాన ఏదైనా ఇచ్చేసేవాణ్ణి. కుమారి నాకంటే ముందు లేచి, అద్దానికి అరచెయ్యి ఆనించింది.

"ఆగు మామా! నొక్కకు!" ఇంటర్‌కమ్ దగ్గరికి వంగింది. "సారూ, ఇంకోపాలి సదవండి."

ఆయన స్టూలు దగ్గరికి తిరిగి వెళ్ళారు. ఈసారి చాలా నిదానంగా చదివారు.

"కుమారి గారు. సోమవారం, రెండు గంటల ఏడు నిమిషాలు. పన్నెండు కిలోల నాలుగు వందల అరవై గ్రాములు."

"తూసేను" అంది కుమారి. మాలో ఎవరితోనూ కాదు. "నేను మర్సిపోలేదు. తూసేను."

గౌను చేత్తో మొహం తుడుచుకుంది. నా వైపు చూడకుండానే చెయ్యి చాచి ఆకుపచ్చ బటన్ తనే నొక్కింది.